ఐప్యాడ్ ఫొటో బూత్: ఎనిమిది ఎఫెక్టుల్లో ఏది పనికొస్తుంది, ఏది ఉత్త హడావుడి

ముందే చెప్పేస్తున్నా, ఇది ఐప్యాడ్ కొనాలా వద్దా అనే రివ్యూ కాదు. ఇప్పటికే ఇంట్లో ఒకటి పడి ఉండి, దాంట్లో పిల్లలు యూట్యూబ్ చూడ్డం, పెద్దవాళ్ళు సీరియల్ చూడ్డం తప్ప వేరే పనేమీ జరగని ఇళ్ళ కోసం రాస్తున్నా. ఫొటో బూత్ అని దాంట్లో ఒక యాప్ ఉంటుంది. కొన్న రోజు నుంచే ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, మధ్యలో యాడ్స్ రావు, లాగిన్ అడగదు. ఐఫోన్‌లో ఇది దొరకదు, మ్యాక్‌లోనూ ఐప్యాడ్‌లోనూ మాత్రమే ఉంది. 2011లో ఐప్యాడ్ 2 వచ్చినప్పుడు, అంటే ఐప్యాడ్‌కి మొదటిసారి కెమెరా పెట్టినప్పుడు, దాంతోపాటే వచ్చింది, ఇన్నేళ్ళయినా పెద్దగా మారిందేమీ లేదు. చాలామంది ఒకసారి తెరిచి, మొహం వంకర్లు తిరగడం చూసి పడీపడీ నవ్వి, మళ్ళీ ఆ వైపు పోరు. అక్కడే వదిలేస్తే అసలు సరుకు చూడనట్టే.

మా ఇంట్లో ఉన్నది తొమ్మిదో తరం ఐప్యాడ్, 2021లో వచ్చిన మోడల్, కింద గుండ్రటి హోమ్ బటన్ ఉండేది. విడుదలైనప్పుడు 64 జీబీ వైఫై రకం 30,900 రూపాయలు. వెనక కెమెరా 8 మెగాపిక్సెల్, ముందుది 12, ఫ్లాష్ లేదు. బరువు 487 గ్రాములు, చేత్తో పట్టుకుని నిలబడితే కాసేపటికే అర కిలో కాదు, కిలోన్నర అనిపిస్తుంది. మా తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వీధిలో జనం మధ్య దాన్ని రెండు చేతులా ఎత్తి ఫొటో తీస్తుంటే తాంబాళం పట్టుకుని పెళ్ళివారికి ఎదురెళ్తున్నట్టుంటుంది, అందరూ పక్కకి తప్పుకుని దారిస్తారు. అదంతా మొహమాటం అనుకునేవాళ్ళు మిద్దె మీదే మొదలుపెట్టుకోవచ్చు, నేనూ సగం ఫొటోలు మిద్దె మీదే తీశా.

యాప్ తెరవగానే స్క్రీన్ మూడు వరసల్లో తొమ్మిది గళ్ళుగా చీలుతుంది. మధ్య గడిలో మామూలు బొమ్మ, చుట్టూ ఎనిమిది గళ్ళలో ఎనిమిది ఎఫెక్టులు. థర్మల్ కెమెరా, మిర్రర్, ఎక్స్‌రే, కెలిడియోస్కోప్, లైట్ టన్నెల్, స్క్వీజ్, ట్విర్ల్, స్ట్రెచ్. అన్నీ ఒకేసారి కదులుతూ ఉంటాయి, మనం తల ఊపితే తొమ్మిది తలలూ ఊగుతాయి. నచ్చిన గడి తాకితే అది స్క్రీన్ నిండా వస్తుంది. మొదట ముందు కెమెరాతో తెరుచుకుంటుంది కాబట్టి అందరూ సెల్ఫీ యాప్ అనుకుంటారు. మూలన ఉండే కెమెరా మార్చే గుర్తు నొక్కి వెనక కెమెరాకి తిప్పితే గానీ దీని సంగతి తెలియదు.

నాకు దీంట్లో బాగా నచ్చింది ఒకటే. ఫోన్‌లో మనం ముందు ఫొటో తీసేస్తాం, తర్వాత సోఫాలో కూర్చుని ఫిల్టర్లు ఒక్కొక్కటీ వేసి చూస్తాం, ఏదీ కుదరకపోతే మామూలుదే స్టేటస్ పెట్టేస్తాం. ఇక్కడ ఎఫెక్ట్ ముందు, ఫొటో తర్వాత. బటన్ నొక్కకముందే పది అంగుళాల స్క్రీన్ మీద కళ్ళ ముందు కనిపిస్తూ ఉంటుంది కాబట్టి, ఈ ఎఫెక్ట్‌కి ఏ వస్తువు సరిపోతుందా అని మనమే వెతకడం మొదలుపెడతాం. ఐప్యాడ్ ఎత్తుకుని ఇల్లంతా తిరుగుతాం. పూలబుట్ట, మిక్సీ జార్, కిటికీ ఊచలు, పక్కింటి వాళ్ళ పిల్లి, ఏదీ వదలం. ఆ తిరగడంలోనే ఏ ఎఫెక్ట్ సత్తా ఎంతో తెలిసిపోతుంది.

ముందు థర్మల్ కెమెరా గురించి, ఎందుకంటే అందరూ మోసపోయేది దీంతోనే. పేరు చూసి కరోనా టైంలో గేట్ల దగ్గర జ్వరం పట్టుకోవడానికి పెట్టిన కెమెరాలాంటిది అనుకుంటారు. మా బావమరిది అయితే పాపకి ఒళ్ళు వెచ్చగా ఉందని దీంట్లో చూసి, 'మొహమంతా ఎర్రగా ఉంది బావా, జ్వరమే' అని ఖాయం చేసేశాడు. వంటింట్లోకి తీసుకెళ్ళి చూపించా. స్టవ్ మీద దోసెల పెనం కాలి పొగలొస్తోంది, పక్కనే ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు గిన్నె. థర్మల్ గడిలో పెనం నల్లటి నీలంగా, పెరుగు భగభగమండే ఎరుపు పసుపుల్లో కనిపించింది. ఇంకేముంది, పెరుగు కాలుతోంది, పెనం చల్లారిపోయింది! జరిగేదేమిటంటే, ఈ ఎఫెక్ట్‌కి వేడితో సంబంధమే లేదు. బొమ్మలో ఎక్కడ వెలుతురు ఎక్కువుందో అక్కడ ఎరుపు, పసుపు పూస్తుంది, చీకటున్న చోట నీలం పూస్తుంది. అంతే. నిజమైన థర్మల్ కెమెరా వస్తువుల వేడి వల్ల వెలువడే, 8 నుంచి 14 మైక్రోమీటర్ల పొడవున్న పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) తరంగాలను పట్టుకుంటుంది. మన ఫోన్లలో, ట్యాబ్లెట్లలో ఉండే సిలికాన్ సెన్సార్ చూపు దాదాపు ఒక మైక్రోమీటర్ పొడవున్న తరంగాల దగ్గరే ఆగిపోతుంది, ఏ యాప్ వేసినా అంతకు మించి చూడలేదు. కాబట్టి జ్వరానికి థర్మామీటరే పెట్టండి, దయచేసి.

అట్లాగని పనికిరానిదా అంటే, సాయంత్రం పూట మిద్దె మీదికి తీసుకెళ్ళి శేషాచలం కొండల వైపు తిప్పండి. పొద్దు కొండ వెనక్కి దిగాక ఆకాశం వెలుగుతూ ఉంటుంది, కొండ చీకటైపోతుంది, థర్మల్‌లో కొండ మొత్తం ముదురు నీలం ముద్దగా, పైన ఆకాశం ఎరుపు పసుపు చారలుగా వస్తుంది. మబ్బులుంటే ఇంకా బాగుంటుంది. మధ్యాహ్నం తీస్తే మాత్రం అంతా కలగాపులగం, చూడలేం. ఇంకోటి, దీనివల్ల నాకు ఒక లాభం జరిగింది. కుంకుమ, తమలపాకు పక్కపక్కన పెడితే మన కంటికి ఎరుపు ఒకటి, ఆకుపచ్చ ఒకటి, ఎంత తేడా. థర్మల్‌లో రెండూ దాదాపు ఒకే రంగులోకి పోయాయి, ఎందుకంటే వెలుతురు లెక్కలో రెండూ దగ్గరదగ్గరే. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు తీసేవాళ్ళు ఏళ్ళ తరబడి నేర్చుకునే సంగతి ఇది, రంగు తేడా వేరు, వెలుతురు తేడా వేరు అని. ఇక్కడ ఊరికే, కళ్ళెదుటే కనిపించేస్తుంది.

ఎక్స్‌రే పేరు కూడా అట్లాంటిదే, ఎముకలేమీ కనపడవు, బొమ్మని తిరగేసి తెలుపుని నలుపు చేసి, నలుపుని తెలుపు చేసి కాస్త నీలం కలుపుతుంది. మనిషి మొహానికి పెడితే దయ్యంలా ఉంటుంది, పిల్లలు రెండు నిమిషాలు అరుస్తారు, అయిపోతుంది. కానీ తిరగేయడమే దీని పని అయితే, ముందే తిరగేసి ఉన్నదాన్ని దీని ముందు పెడితే? పాత ఫిల్మ్ నెగెటివ్‌లు! మా అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద, ఒక బ్రౌన్ కవర్ ఎప్పటినుంచో ఉంది. ప్రింట్లు చెదలు తినేసి పోయాయి, నెగెటివ్‌లు మాత్రం మిగిలాయి. ఎవరివో, ఎప్పటివో ఎవరికీ తెలీదు, లైటుకి ఎత్తి చూస్తే నల్ల మొహాలు, తెల్ల జుట్లు.

ఎట్లా చేయాలో వివరంగా చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. ఫోన్‌లో ఒక తెల్లటి బొమ్మ తెరిచి బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి బల్ల మీద పడుకోబెట్టండి. నెగెటివ్‌ని నేరుగా ఫోన్ మీద పెట్టొద్దు, స్క్రీన్ చుక్కలు కూడా ఫొటోలో పడతాయి. అటూ ఇటూ రెండు అగ్గిపెట్టెలు పెట్టి వాటి మీద గాజుపలక, దాని మీద నెగెటివ్. అంచులు పట్టుకోండి, మధ్యలో వేలిముద్ర పడిందంటే పోదు. గదిలో లైట్లు ఆర్పేయండి, లేకపోతే గాజులో మీ మొహమే కనపడుతుంది. ఇప్పుడు ఫొటో బూత్‌లో ఎక్స్‌రే, వెనక కెమెరా. మరీ దగ్గరికి పోతే ఫోకస్ అందదు, జానెడు ఎత్తు నుంచి మొదలుపెట్టి మెల్లగా దించండి. మామూలు 35 ఎం.ఎం. ఫిల్మ్ ముక్క చిన్నది కాబట్టి స్క్రీన్ మధ్యలో కాస్తే కనపడుతుంది, పాత స్టూడియోల వాళ్ళు వాడిన 120 రోల్ అయితే చదరంగా పెద్దగా ఉండి చక్కగా వస్తుంది. కలర్ నెగెటివ్ అయినా పర్వాలేదు, అందులో ఉండే నారింజ రంగు ఈ నీలపు తెలుపు నలుపుల్లో కలిసిపోతుంది.

మొదటి ముక్క పెట్టగానే స్క్రీన్ మీద నల్ల మొహాలు తెల్లబడి మనుషులైపోయారు. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కళ్ళజోడు పైకి కిందికి జరిపి, 'ఇది మీ పెదనాయన పెండ్లి కదరా, ఆ చివర జడ ముందరికి వేసుకుని నిలబడుండేది నేనే' అనింది. తర్వాత ఆ రాత్రంతా కవర్ ఖాళీ అయ్యేదాకా అదే పని, ఒక్కో ముక్కా పెట్టడం, ఆమె పేర్లు చెప్పడం. నాణ్యత అడిగితే గొప్పగా ఏమీ ఉండదు, అచ్చు వేయించాలంటే స్కానర్‌కే పోవాలి. ఏ ముక్క స్కాన్ చేయించాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవడానికి మాత్రం ఇది చాలు, స్కాన్‌కి ముక్కకింత అని తీసుకుంటారు కాబట్టి డబ్బులు మిగులుతాయి. ఈ ఒక్క పనికే నేను యాప్‌కి మార్కులు వేసేస్తా.

ఇక కెలిడియోస్కోప్. చిన్నప్పుడు మూడు అద్దం ముక్కలు త్రికోణంగా కట్టి, లోపల పగిలిన గాజుల ముక్కలు వేసి, అట్ట గొట్టంలో పెట్టి తిప్పినవాళ్ళకి దీని గురించి చెప్పక్కర్లేదు. స్కాట్లాండ్‌కి చెందిన డేవిడ్ బ్రూస్టర్ 1816లో కనిపెట్టిన బొమ్మ అది, మరుసటి ఏడు పేటెంట్ కూడా తీసుకున్నాడు. తేడా ఏమిటంటే గొట్టంలో గాజు ముక్కలే ఉంటాయి, ఇక్కడ ఎదురుగా ఉన్న లోకం మొత్తం గాజు ముక్కలే. పూల అంగడి ముందు నిలబడి కనకాంబరాల మూర మీదికి తిప్పితే స్క్రీన్ నిండా నారింజ రంగు చక్రాలు. చెయ్యి ఒక్క అంగుళం కదిలిస్తే డిజైన్ మొత్తం మారిపోతుంది, అందుకే నచ్చినప్పుడు వెంటనే నొక్కేయాలి, 'ఇంకొంచెం బాగా వస్తుందేమో' అని కదిలిస్తే పాతది మళ్ళీ దొరకదు. పూలామె 'ఏంది నాయనా, కొంటావా, ఫొటోలేనా' అని అడిగేలోపు పని పూర్తి చేసుకోండి, లేకపోతే రెండు మూరలు కొనేయండి, అదే మర్యాద.

ఇక్కడ ఒక చిట్కా చెప్తా. ఒకే డిజైన్ ముందే మళ్ళీ మళ్ళీ ఉన్న వస్తువులు దీనికి అంత నప్పవు. మా ఆవిడ దగ్గర రెండు కలంకారీ బట్టలున్నాయి. ఒకటి అచ్చుల మీద వేసే పెడన రకం, ఇంకోటి శ్రీకాళహస్తిలో కలంతో చేత్తో గీసిన రకం, 2005లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకే అన్న ముద్ర, వచ్చింది కదా, అది. అచ్చు బట్ట మీద కెలిడియోస్కోప్ పెడితే పెద్దగా ఏమీ అనిపించలేదు, ఉన్న పువ్వే మళ్ళీ మళ్ళీ వచ్చింది. కాళహస్తి బట్టలో మాత్రం చేత్తో గీసిన గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం, నెమలి మెడ దగ్గర ఒక వంపు, ఆకు చివర ఇంకో వంపు. ఆ తేడాలన్నీ కలిసి ప్రతి కదలికకీ కొత్త డిజైన్ పుట్టించాయి. ఆవిడ వాటిల్లోంచి ఒకటి తీసుకుని సంక్రాంతి ముగ్గుకి వాడేసింది కూడా, చుక్కల లెక్క మాత్రం తనే వేసుకోవాల్సొచ్చింది.

మిర్రర్‌కీ ఇదే సూత్రం. స్క్రీన్ మధ్యలో నిలువుగా కోసి ఒక సగాన్ని రెండో వైపు అద్దంలా చూపిస్తుంది. చంద్రగిరి కోటకి తీసుకెళ్ళా, మూడంతస్తుల రాజమహల్ ముందు నిలబడి పెద్ద ఆశతో మిర్రర్ పెడితే, ఏముంది, రాజమహలే కనిపించింది! ఆ భవనం ముందే రెండు వైపులా ఒకేలా కట్టారు, దాన్ని అద్దంలో చూపిస్తే కొత్తగా వచ్చేదేముంది. పక్కన వంకర తిరిగిన చెట్టు కొమ్మల వైపు తిప్పితే ఆట మొదలైంది, కొమ్మలు కలిసే చోట కళ్ళు, ముక్కు, కొమ్ములు, ఏదో రాక్షసుడి మొహం. కోట వెనక గుండ్ల గుట్ట కూడా అట్లాగే, ఒక్కో గుండు దగ్గర ఒక్కో జంతువు. సమంగా ఉన్నవాటికి మిర్రర్ దండగ, వంకరగా ఉన్నవాటికి పండగ.

మిగిలిన నాలుగింటినీ త్వరగా ముగిస్తా. లైట్ టన్నెల్‌లో మధ్యన గుండ్రంగా బొమ్మ, దాని అంచున ఉన్న రంగులు చుట్టూ గీతలుగా సాగుతాయి. కార్తీకంలో వెలిగించిన ప్రమిద మీద బాగుంటుంది, వేరే దేనికీ పెద్దగా వాడలేదు. స్క్వీజ్, ట్విర్ల్, స్ట్రెచ్ మూడూ మొహాలు నొక్కడానికి, తిప్పడానికి, సాగదీయడానికి. వేలితో స్క్రీన్ మీద జరిపితే వంకర కూడా వేలి వెంట జరుగుతుంది, ముక్కు మీద పెట్టాలా, పొట్ట మీద పెట్టాలా అన్నది మన ఇష్టం. పిల్లలకి ఇదే యాప్, మిగతావన్నీ అనవసరం. మా అవ్వ తన మొహం ట్విర్ల్‌లో చూసుకుని, 'ఎవుర్రా ఈ ముసలిది, నాకంటే ముడతలున్నాయి' అంది, అప్పటినుంచి ఎవరొచ్చినా ఆ ఫొటో చూపించమంటుంది. ఆ సంబరానికి మించి వీటిల్లో ఏమీ లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

ఒక సలహా. మే నెలలో గంగమ్మ జాతరకి దీన్ని ఎత్తుకుపోవద్దు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, చీర కట్టుకుని నగలు పెట్టుకున్న మగవాళ్ళు, ఒంటినిండా రంగులు. వాళ్ళు ఇప్పటికే పూర్తిగా మారిపోయి వస్తారు, దాని మీద మనం మళ్ళీ ఎఫెక్ట్ వేయడం తీపి మీద చక్కెర చల్లడమే. అక్కడ మామూలు కెమెరాతో, అడిగి, ఒకటి రెండు తీసుకోండి చాలు.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది, తీసిన ఫొటోలో ఎఫెక్ట్ కలిసిపోయే సేవ్ అవుతుంది, మామూలు ఫొటో విడిగా ఉండదు. కెమెరా యాప్‌లో తీసి ఫొటోస్‌లో ఫిల్టర్ వేస్తే, ఎన్నేళ్ళ తర్వాతయినా రివర్ట్ నొక్కి పాతది తెచ్చుకోవచ్చు, ఇక్కడ ఆ మాటే లేదు. మొహం నలిగిపోయిన అవ్వ ఫొటో ఎప్పటికీ నలిగిపోయినట్టే ఉంటుంది. రెండోది, మ్యాక్‌లో ఇదే యాప్ వీడియో కూడా తీస్తుంది, ఐప్యాడ్‌లో ఫొటోలే. కెలిడియోస్కోప్ కదులుతుంటేనే కదా అందం, వీడియో లేకపోతే ఎట్లా? స్క్రీన్ పై కుడి మూల నుంచి కిందికి లాగితే వచ్చే కంట్రోల్ సెంటర్‌లో స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసుకుని తీయడమే దారి, బటన్లు కూడా పడతాయి, తర్వాత కత్తిరించుకోవాలి. మూడోది, ఇన్నేళ్ళలో కొత్త ఎఫెక్ట్ ఒక్కటన్నా వేయొచ్చు కదా!

ఫొటో బూత్‌తో సరదా తీరాక మామూలు కెమెరా యాప్‌లోకి రండి, అక్కడా కొన్ని దాచిపెట్టారు. లైవ్ ఫొటో ఆన్ చేసి తీస్తే, నొక్కడానికి ముందు ఒకటిన్నర సెకను, తర్వాత ఒకటిన్నర సెకను కూడా రికార్డ్ అవుతుంది. ఫొటోస్‌లో దాన్ని తెరిచి పైన లైవ్ అని ఉన్నచోట నొక్కితే లాంగ్ ఎక్స్‌పోజర్ అని వస్తుంది, 2017 నుంచి ఉంది ఇది. వానలు పడ్డాక కపిలతీర్థం జలపాతం నిండుగా దూకుతున్నప్పుడు తీసి ఇది నొక్కండి, నీళ్ళు పాలు పోసినట్టు తెల్లగా, నున్నగా వస్తాయి, రాళ్ళు మాత్రం రాళ్ళలాగే ఉంటాయి. షరతు ఒకటే, ఐప్యాడ్ కదలకూడదు. చేత్తో పట్టుకుంటే రాళ్ళు కూడా పాలే. పిట్టగోడకి ఆనించండి, ఇక్కడ ఆ బరువే మనకి కలిసొస్తుంది. ఎండాకాలం పోతే మాత్రం ఉత్త బండే కనపడుతుంది.

ఐప్యాడ్‌ని పక్కకి తిప్పుతూ ఒకే పొడుగాటి ఫొటో తీసే పనోరమాలో ఒకే మనిషిని రెండుసార్లు పడేయొచ్చు. ఎడమ చివర పాపని నిలబెట్టి మొదలుపెట్టండి, ఫ్రేమ్ దాటగానే పాప మీ వీపు వెనక నుంచి పరిగెత్తి కుడి చివరికి వచ్చి నిలబడాలి. ముందు నుంచి పరిగెత్తితే చెయ్యి ఒకచోట, కాలు ఒకచోట పడి భయంకరంగా వస్తుంది, నిజం చెప్పాలంటే పిల్లలకి అదే ఎక్కువ నచ్చింది. టైమ్ ల్యాప్స్ అయితే అక్టోబరు, నవంబరు ఉదయాల్లో కొండ మీద మబ్బు దిగి ఎక్కేటప్పుడు పెట్టండి. ఛార్జర్ పెట్టి, మిద్దె గోడకి ఆనించి, మీ పని మీరు చూసుకోండి, గంటసేపు తీసినా అర నిమిషం చుట్టూ ఉండే వీడియోగా కుదించి ఇస్తుంది. రాత్రిపూట ఘాట్ రోడ్డు లైట్లు కూడా ప్రయత్నించొచ్చు గానీ, 8 మెగాపిక్సెల్ కెమెరాకి చీకట్లో చుక్కలు తప్ప ఏమీ ఆనవు, అది కొత్త మోడళ్ళున్నవాళ్ళకి వదిలేద్దాం.

కొండకి వెళ్ళేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, శ్రీవారి ఆలయంలోకి ఫోన్లు, కెమెరాలు ఏవీ తీసుకెళ్ళకూడదు, ట్యాబ్లెట్ అయినా అంతే, రూంలోనో ఇంట్లోనో వదిలి వెళ్ళండి.

మార్కులు అడిగేవాళ్ళకి: ఎక్స్‌రే, కెలిడియోస్కోప్, మిర్రర్ కోసం అయిదుకి నాలుగు. కేవలం ఈ యాప్ కోసం ఎవరైనా కొత్త ఐప్యాడ్ కొంటానంటే వద్దంటా. మీ బీరువాలో నెగెటివ్‌లుంటే మాత్రం ఈ ఆదివారమే బయటికి తీయండి, పేర్లు చెప్పగలిగే పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళు చెప్పేది ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటూ చూడండి, ఫోన్ లైటుకి ఇచ్చేశారు కాబట్టి రికార్డింగ్‌కి ఇంకో ఫోన్ సిద్ధంగా పెట్టుకోండి.